ఒక్క పౌండుకు ఇచ్చేసిన పడవ: మొదటి రిబ్ బోటు కొనేముందు వినాల్సిన చరిత్ర

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగిపోయినప్పుడు మన ఫోన్లలో తిరిగిన వీడియోలు గుర్తున్నాయా? వీధుల్లో నడుము లోతు నీళ్లు, మేడల మీద జనం, మధ్యలో గాలి నింపిన రబ్బరు పడవల్లో ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు. చూడ్డానికి ఆ పడవ పిల్లలు ఈత నేర్చుకునే ట్యూబ్‌కి పెద్దన్నయ్యలా ఉంటుంది. కానీ ఇనప పడవ వెళ్లలేని సందులోకి అది వెళ్లింది. ముసలమ్మలనీ, చంటిపిల్లలనీ మోసుకొచ్చింది.

ఈరోజు నేను మాట్లాడబోయేది ఆ పడవ గురించి కాదు, దాని తమ్ముడి గురించి. పై నుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా ఉంటారు. చుట్టూ గాలి ట్యూబులే. కానీ తమ్ముణ్ణి తిరగేసి చూడండి, అడుగున గట్టి ఫైబర్ పడవ ఉంటుంది. దీన్నే రిబ్ అంటారు. అంటే అడుగు గట్టిది, పక్కలు గాలివి. కోస్ట్ గార్డులు, నేవీలు, ప్రాణాలు కాపాడే దళాలు ప్రపంచమంతా వాడే పడవ ఇది. ఇప్పుడు మామూలు కుటుంబాలు కూడా ఆదివారం పూట తీరం వెంబడి తిరగడానికి కొనుక్కుంటున్నాయి.

ఈ ఎపిసోడ్ ఎందుకొచ్చిందంటే, మా పెద్దమ్మ కొడుకు ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్‌లో ఉంటాడు. నేను యంత్రాల చరిత్ర చెబుతుంటానని తెలుసు కదా, మూడు రిబ్ బోట్ల ఫొటోలు పంపి ఒక వాయిస్ మెసేజ్ పెట్టాడు. "ఒరేయ్, మీ వదినా పిల్లలతో పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయడానికే. ఈ మూడిట్లో ఏది కొనమంటావురా?" అని. నేనన్నాను, "అన్నయ్యా, ఏది కొనాలో చెప్పడానికి ముందు, అసలు ఇది ఎందుకు పుట్టిందో చెప్తాను. అది వింటే బోటు దగ్గర ఏం అడగాలో నీకే తెలిసిపోతుంది."

నిజంగా అంతే ఫ్రెండ్స్. రిబ్ షోరూములో పుట్టలేదు. నీళ్లలో పడ్డ మనుషుల్ని బయటికి లాగడానికి స్కూలు పిల్లలు కట్టారు దాన్ని. అందుకే దాంట్లో ప్రతి భాగం ఏదో ఒక ప్రమాదానికి సమాధానం. కొనేవాడు ఆ ప్రమాదాలు తెలుసుకుంటే చాలు.

ముందు గాలి సంగతి చూద్దాం. రబ్బరులో గాలి నింపి పడవ చెయ్యాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1840లలో పీటర్ హాకెట్ అనే బ్రిటిష్ నేవీ లెఫ్టినెంట్ ఒక విచిత్రమైన వస్తువు చేశాడు. తడవని గుడ్డతో కుట్టిన పెద్ద కోటు అది. వేసుకుంటే కోటు, గాలి కొడితే పడవ! చేతికర్ర తెడ్డు, గొడుగు తెరచాప. నేవీ పెద్దలు 'చాలా తెలివిగా ఉంది' అని మెచ్చుకుని, నేవీ పనికి మాత్రం పనికిరాదని పక్కన పెట్టేశారు. కానీ ఉత్తర ధ్రువం వైపు వెళ్లిన అన్వేషకులు దీన్ని నిజంగానే వాడారు. మడిచి వీపున మోసుకుపోవచ్చు, అదీ సుఖం.

తర్వాత ఫ్రాన్స్. జోడియాక్ అనే కంపెనీ గాల్లో ఎగిరే ఎయిర్‌షిప్పులు చేసేది. గాలి ఆగే గుడ్డలు చెయ్యడం వాళ్లకి వెన్నతో పెట్టిన విద్య. 1930లలో ఆ కంపెనీ ఇంజినీరు పియెర్ దెబ్రుతెల్ గుర్రపు లాడం ఆకారంలో రబ్బరు ట్యూబు పెట్టి, వెనక చెక్క పలక బిగించి పడవ చేశాడు. ఆ పలకకి మోటారు తగిలించొచ్చు. ఇవాళ్టి గాలి పడవలన్నిటికీ మూలరూపం అదే.

అది ఎంత మొండిదో లోకానికి చూపించింది ఒక డాక్టరు. 1952లో ఆలెన్ బొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు నాలుగున్నర మీటర్ల జోడియాక్‌లో ఒంటరిగా కేనరీ దీవుల నుంచి బయల్దేరి, అట్లాంటిక్ మహాసముద్రం దాటి, 65 రోజులకు బార్బడోస్‌లో తేలాడు. మనిషి సగమయ్యాడు గానీ పడవ మునగలేదు.

ఇక్కడ మన తీరంలో పెరిగినవాళ్లకి ఒక పోలిక వెంటనే తడుతుంది. పడవ వేరు, తెప్ప వేరు. పడవలోకి నీళ్లొస్తే మునుగుతుంది. తెప్ప మీదికి ఎన్ని నీళ్లొచ్చినా మునగదు, ఎందుకంటే తేలే గుణం ఆ దుంగల్లోనే ఉంది. గాలి పడవ నిజానికి తెప్ప జాతిది. ఆ గుణమే బొంబార్‌ని బతికించింది.

మరి లోపం ఎక్కడ? అడుగు మెత్తగా ఉండడంలో. నింపాదిగా పోతే ఫర్వాలేదు. మోటారు గట్టిగా తిప్పి అలల మీద పరుగెత్తిస్తే మాత్రం పడవ మొత్తం పరుపులా వంగుతుంది, లేస్తుంది, కొట్టుకుంటుంది. అల కోసుకుంటూ పోదు, అల మీద దబ్ దబ్‌మని పడుతుంది. రాళ్ల ఒడ్డు మీదికి రోజూ లాగితే అడుగు అరిగి చిరిగిపోతుంది. బుడమేరు లాంటి వరద నీళ్లలో ఇది పెద్ద బాధ కాదు, సముద్రంలో చాలా పెద్ద బాధ.

సరే, ఇప్పుడు అసలు కథ. వేల్స్ దక్షిణ తీరంలో సెయింట్ డొనాట్స్ అని ఒక పాతకాలపు కోట ఉంది. ఒకప్పుడు అమెరికా పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్ దాన్ని కొనుక్కున్నాడు. 1962లో అందులో అట్లాంటిక్ కాలేజీ మొదలైంది. రకరకాల దేశాల నుంచి 16 నుంచి 19 ఏళ్ల పిల్లల్ని తెచ్చి కలిపి చదివించే చోటు. చదువుతో పాటు సమాజానికి ఏదో ఒక సేవ చెయ్యాలన్నది అక్కడి నియమం. దాని మొదటి హెడ్‌మాస్టర్ రియర్ అడ్మిరల్ డెస్మండ్ హోర్. నేవీలో ఇంజినీరింగ్ విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి.

కోట కిందే సముద్రం. అదీ మామూలు సముద్రం కాదు, బ్రిస్టల్ చానల్. ప్రపంచంలో ఆటుపోట్ల తేడా అతి ఎక్కువగా ఉండే చోట్లలో ఒకటి. మన విశాఖలో ఆటుకీ పోటుకీ మధ్య నీటి మట్టం తేడా రెండు మీటర్లు కూడా ఉండదు. ఆ చానల్ లోపలి కొసలో అది 14 మీటర్లు దాటుతుంది, అంటే నాలుగంతస్తుల మేడ ఎత్తు! అంత నీరు కొన్ని గంటల్లో లోపలికి రావాలి, మళ్లీ బయటికి పోవాలి. ప్రవాహం ఎంత జోరుగా ఉంటుందో ఊహించుకోండి. ఒడ్డేమో గులకరాళ్లూ బండలూ.

1963లో బ్రిటన్‌లో ప్రాణరక్షక సంస్థ ఆర్ఎన్ఎల్ఐ ఒక కొత్త పని మొదలుపెట్టింది. 1824 నుంచి ఉన్న సంస్థ అది, వాలంటీర్లతో నడుస్తుంది. వాళ్ల పెద్ద లైఫ్‌బోట్లు నడిసముద్రంలో ఓడలకి పనికొస్తాయి గానీ, వేసవిలో ఒడ్డు దగ్గర కొట్టుకుపోయే ఈతగాళ్లకీ, చిన్న పడవలవాళ్లకీ అంత త్వరగా అందవు. అందుకని తీరం దగ్గర చిన్న గాలి పడవలు పెట్టారు. అలా మొదలైన తొలి స్టేషన్లలో అట్లాంటిక్ కాలేజీ ఒకటి. నడిపింది విద్యార్థులే! 1969లో ఎలిజబెత్ హోస్ట్‌వెట్ అనే 18 ఏళ్ల నార్వే అమ్మాయి అక్కడ ఇన్‌షోర్ లైఫ్‌బోటుకి కమాండర్‌గా అర్హత సాధించింది. ఆర్ఎన్ఎల్ఐలో ఆ అర్హత పొందిన మొదటి మహిళ ఆమే.

రోజూ ఆ రాళ్ల మీద లాగితే పడవల అడుగులు ఎన్నాళ్లు ఆగుతాయి? అరిగిపోయాయి. పిల్లలు ఏం చేశారంటే, చిరిగిన అడుగు కింద ప్లైవుడ్ అంటించారు. అరగడం తగ్గింది. కానీ నీళ్ల మీద ఇంకో బాధ మొదలైంది. చదును చెక్క కదా, అల మీద కొడితే వెన్నెముక అదిరిపోతుంది. అప్పుడు ఆ చెక్కకి కోణం ఇచ్చారు. ఇంగ్లిష్ వి అక్షరంలా అడుగు, దాని చుట్టూ గాలి ట్యూబులు. హోర్ గారూ, పిల్లలూ కలిసి 1960లలో ఒకదాని తర్వాత ఒకటి ప్రయోగాత్మక పడవలు కట్టారు. పొద్దున కట్టడం, మధ్యాహ్నం సముద్రంలో నడపడం, విరిగితే మళ్లీ కట్టడం. 1969లో వాళ్లు కట్టిన 'సైకెడెలిక్ సర్ఫర్' అనే పడవ బ్రిటన్ దీవి చుట్టూ సాగిన పవర్‌బోట్ రేసు పూర్తి చేసింది. పెద్ద పెద్ద బోట్లు మధ్యలో ఆగిపోయిన రేసు అది.

అంటే ఏం జరిగింది? పడవకీ తెప్పకీ పెళ్లి జరిగింది. అల కోసే గుణం పడవది, మునగని గుణం తెప్పది.

మా అన్నయ్యకి నేను చెప్పిన మొదటి మాట ఇక్కడి నుంచే వచ్చింది. "ముందు అడుగు చూడు." బోటు ట్రైలర్ మీద ఉన్నప్పుడు వెనక్కి వెళ్లి వంగి చూడండి. వి కోణం ఎంత లోతుగా ఉంది? 1960లో అమెరికాలో మయామీ నుంచి నస్సావు వరకు జరిగిన రేసులో రే హంట్ గీసిన లోతైన వి అడుగు పడవ 'మాపీ' గెలిచాక, గరుకు నీళ్లలో ఇదే మంచిదని లోకం ఒప్పుకుంది. 20 నుంచి 25 డిగ్రీల కోణం ఉంటే అల మీద మెత్తగా దిగుతుంది. కానీ ఊరికే రాదు, ఆగి ఉన్నప్పుడు అటూ ఇటూ ఊగుతుంది, కొంచెం ఎక్కువ ఇంజిన్ కావాలి.

సౌతాంప్టన్ ముందున్న సోలెంట్ జలసంధి చూడ్డానికి చెరువులా ఉంటుంది, ఎదురుగా ఐల్ ఆఫ్ వైట్ దీవి అడ్డం కదా. కానీ గాలి ఒకవైపు నుంచి, ఆటు ప్రవాహం ఎదురువైపు నుంచి వస్తే, పొట్టిగా నిటారుగా ఉండే అలలు లేస్తాయి. పొద్దున హాయిగా వెళ్లిన దారి సాయంత్రం ఒళ్లు హూనం చేస్తుంది. పిల్లలతో వెళ్లేవాడికి లోతైన అడుగే మేలు.

ఆ ఊగుడుకి కూడా చరిత్రలో ఒక మందు ఉంది. 1960ల చివర్లో వేల్స్‌లోనే ఏవన్ అనే కంపెనీ 'సీరైడర్' పేరుతో రిబ్‌ని అమ్మకానికి తెచ్చింది. అడుగు లోపల ఒక ఖాళీ గది. బోటు ఆగితే దాంట్లోకి సముద్రపు నీరు దానంతటదే వచ్చి చేరుతుంది, బరువుకి బోటు నిలకడగా కూర్చుంటుంది. ఇంజిన్ వేసి ముందుకి పోతే ఆ నీరు వెనక నుంచి జారిపోతుంది. ఎంత సింపులో చూడండి! పాత సీరైడర్లు ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంటాయి.

ఇప్పుడు టైటిల్‌లో పెట్టిన పౌండు సంగతి. రిబ్ పేటెంట్ హోర్ పేరు మీద ఉంది. ఆయన కోరుకుంటే ప్రపంచంలో అమ్ముడయ్యే ప్రతి రిబ్ మీదా డబ్బు వచ్చేది. 1973లో ఆ పేటెంట్‌ని ఆర్ఎన్ఎల్ఐకి ఒక్క పౌండుకి ఇచ్చేశారు. ఆ పౌండు చెక్కు కూడా ఆయన బ్యాంకులో వేసుకోలేదని చెబుతారు. అప్పటికే కాలేజీ పడవల్లోంచి ఆర్ఎన్ఎల్ఐ తన సొంత బోటు చేసుకుంది. దాని పేరు అట్లాంటిక్ 21. కాలేజీ పేరు, సుమారు పొడవు అడుగుల్లో. వెనక ఒక ఇనప కమాను, దాని మీద గాలి సంచి. బోటు తలకిందులైతే సంచిలో గాలి నిండి, బోటు తిరిగి నిలబడుతుంది. దాని వారసులు అట్లాంటిక్ 75, అట్లాంటిక్ 85. తర్వాత తీరంలో మనుషుల్ని కాపాడినవి అవే.

రెండో మాట, ట్యూబులు. ట్యూబ్ ఒకటే పొడవాటి సంచి కాదు. లోపల అడ్డుతెరలు ఉంటాయి, మూడో, నాలుగో, ఐదో గదులు. ఒకటి పేలినా మిగతావి మోస్తాయి. కొనేముందు ఎన్ని గదులున్నాయో అడగండి. ఒక్కో వాల్వు విప్పి చూడండి, అన్నిటికీ గాలి కొట్టించి, మర్నాడు పొద్దున వెళ్లి మళ్లీ నొక్కి చూడండి. ట్యూబులో ఒత్తిడి చాలా తక్కువ, సుమారు 0.2 నుంచి 0.25 బార్. మీ కారు టైరులో దానికి పది రెట్లు ఉంటుంది. అందుకే టైరుకి కొట్టే కంప్రెసర్ దీనికి పెట్టకూడదు. ఎండలో ట్యూబ్ బిగుసుకుంటుంది, చల్లటి నీళ్లలో దింపగానే మెత్తబడుతుంది. అది లీకు కాదు, గాలి స్వభావం.

గుడ్డ విషయానికొస్తే రెండు రకాలు. ఒకటి పీవీసీ. చవక, అతుకులు వేడితో కరిగించి అంటిస్తారు, కానీ ఏళ్ల తరబడి ఎండలో ఉంటే జిగురు జిగురుగా, పెళుసుగా మారుతుంది. రెండోది హైపలాన్. అది డ్యూపాంట్ కంపెనీ పెట్టిన పేరు. ఆ కంపెనీ 2010 నాటికి తయారీ ఆపేసినా, అదే రకం రబ్బరుని వేరేవాళ్లు చేస్తున్నారు, జనం మాత్రం ఆ పాత పేరుతోనే పిలుస్తారు. ఎండకి బాగా తట్టుకుంటుంది, ధర ఎక్కువ, అతుకులు చేత్తో జిగురు పెట్టి అంటించాలి. బోటు ఏడాదంతా బయటే ఉంటుందంటే హైపలాన్ వైపు చూడండి. వాడాక కప్పి షెడ్డులో పెట్టేవాళ్లకి మంచి పీవీసీ సరిపోతుంది.

మూడో మాట, ఇంజినూ బరువూ. అన్నయ్య పంపిన మూడిట్లో ఒకటి పొడవు ఆరున్నర మీటర్లు, ఇంజిన్ చిన్నది, ధర తక్కువ. వినడానికి బేరం బాగుంది. కానీ రిబ్ నీళ్లని తోసుకుంటూ పోయే పడవ కాదు, నీళ్ల మీదికి లేచి జారే పడవ. నలుగురు మనుషులు, పెట్రోలు, లంగరు, సామాను ఎక్కాక ఇంజిన్ దాన్ని లేపలేకపోతే, ముక్కు పైకెత్తి ఈడ్చుకుంటూ పోతుంది, పెట్రోలు తాగేస్తుంది. అలాగని తయారీదారు చెప్పిన పరిమితి దాటి పెద్ద ఇంజిన్ పెట్టినా ప్రమాదమే. నలుగురు ఉన్న ఇంటికి ఐదూ ఐదున్నర మీటర్ల బోటు, దానికి తగ్గ 80 నుంచి 115 హార్స్‌పవర్ ఇంజిన్ అయితే మొదటి బోటుకి హాయిగా ఉంటుంది. కారు వెనక కట్టి లాగొచ్చు, ఇద్దరు నీళ్లలోకి దింపొచ్చు.

బోటు మీద ఒక చిన్న రేకు ఉంటుంది, దాన్ని తప్పకుండా చదవండి. యూరప్‌లో 1998 నుంచి అది తప్పనిసరి. ఎంతమంది ఎక్కొచ్చు, ఎంత బరువు, ఏ కేటగిరీ అన్నది దాని మీద ఉంటుంది. డి అంటే ప్రశాంతమైన నీళ్లకి. సి అంటే తీరం దగ్గరికి, రెండు మీటర్ల అలల వరకు. బి అంటే దూర సముద్రానికి. పగటి షికార్లకి సి ఉండాలి. అయితే గుర్తుంచుకోండి, రెండు మీటర్ల అలలో ఆ బోటు నిలబడుతుందనే దాని అర్థం, మీ పిల్లలు నవ్వుతూ కూర్చుంటారని కాదు.

సెకండ్ హ్యాండ్ అయితే ఇంకో చోటు చూడాలి, ఇంజిన్ బిగించిన వెనక పలక. లోపల చెక్క ఉంటుంది. మేకుల చుట్టూ నీరు దిగితే అది కుళ్లుతుంది. ఇంజిన్ పట్టుకుని పైకీ కిందకీ ఊపండి, పలక కదిలితే దండం పెట్టి వచ్చేయండి. ఇక పెట్రోలుకి పాత నావికుల లెక్క ఒకటుంది. మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా.

చివరి మాట అన్నిటికంటే చవకైన వస్తువు గురించి. ఎర్రటి ప్లాస్టిక్ చుట్టల తాడు. ఒక కొస ఇంజిన్ స్విచ్‌కి, ఇంకో కొస నడిపేవాడి కాలికి. కిల్ కార్డ్ అంటారు. మనిషి పడిపోతే తాడు లాగబడి ఇంజిన్ ఆగిపోతుంది.

2013 మే 5. ఇంగ్లండ్ కార్న్‌వాల్ తీరంలో ప్యాడ్‌స్టో దగ్గర ఎనిమిది మీటర్ల రిబ్‌లో ఒక కుటుంబం. అమ్మా నాన్నా నలుగురు పిల్లలు. వేగంగా తిరుగుతూ ఒక మలుపులో బోటు ఒరిగి కుదిపేసింది, ఆరుగురూ నీళ్లలో పడిపోయారు. బోటు మాత్రం ఆగలేదు. ఎవరూ లేని బోటు అదే వేగంతో గుండ్రంగా తిరుగుతూ వాళ్ల మీదికే వచ్చింది. నాన్నా, ఎనిమిదేళ్ల పాపా చనిపోయారు. మిగిలినవాళ్లలో కొందరికి తీవ్ర గాయాలు. పక్క బోటులోంచి స్థానికుడొకరు దూకి ఇంజిన్ ఆపాల్సి వచ్చింది. బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు సంస్థ తేల్చింది ఇదీ: కిల్ కార్డ్ నడిపేవాళ్ల ఒంటికి కట్టి లేదు.

మంచి బోటు. మంచి ఇంజిన్. తెలివైన మనుషులు. తాడు కట్టుకోలేదు, అంతే.

చూడండి ఫ్రెండ్స్, రిబ్ చరిత్రలో ప్రతి లోపానికీ ఎవరో ఒకరు జవాబు కనిపెట్టారు. అడుగు అరిగితే చెక్క అంటించారు. దెబ్బ తగిలితే కోణం ఇచ్చారు. ట్యూబ్ పేలితే అని గదులు కట్టారు. తలకిందులైతే అని గాలి సంచి పెట్టారు. ఇవన్నీ బోటే చేసి పెడుతుంది. తాడు కట్టుకోవడం ఒక్కటే మనం చెయ్యాలి. లైఫ్ జాకెట్ వేసుకోవడం, రెండు రోజుల పవర్‌బోట్ కోర్సు చెయ్యడం, బయల్దేరేముందు ఆటుపోట్ల టైము చూసి ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లడం, ఇవి కూడా ఆ లెక్కలోవే. బ్రిటన్‌లో సొంత షికారు బోటుకి సముద్రంలో లైసెన్సు అడగరు. అడగరు కాబట్టి నేర్చుకోనక్కర్లేదని కాదు, మనల్ని మనమే అడుక్కోవాలని అర్థం.

ఒక్క పౌండుకి ఆ పడవని ఇచ్చేసిన మనిషి దాని ఖరీదు తెలియక ఇవ్వలేదు. తెలిసే ఇచ్చాడు. బోటు కొనేటప్పుడు వేగం ఎంత, రంగు ఏంటి అని అడిగేముందు, 'ఇది నా వాళ్లని తిరిగి ఒడ్డుకి తెస్తుందా?' అని అడగండి. ఆ కోట కింద రాళ్ల మీద పిల్లలు అడిగింది కూడా అదొక్కటే.

మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. అందాకా జాగ్రత్త.